తల్లులకు అంటని జబ్బు

"దొంగ దొరికాడు మేడమ్. మీకు శ్రమ తప్పింది," అంది యజమానురాలు, గేటు పూర్తిగా తెరవకుండానే.

నేను కారులోంచి నా పెట్టె దించుకుంటున్నాను. పశువుల జబ్బుల వెంట పడి తిరగడం నా ఉద్యోగం. ఫలానా జబ్బు ఏ దారిన వచ్చింది, ఎవరు తెచ్చారు, ఇప్పుడెక్కడ దాక్కుంది, ఇవి కనిపెట్టినందుకే నాకు జీతం ఇస్తారు. ఇన్నేళ్లలో నేర్చుకున్న పాఠం ఒకటుంది. నేను వచ్చేలోపే దొంగ దొరికాడని ఎవరైనా అంటే, దొరికినవాడు చాలాసార్లు దొంగ కాడు. దగ్గర్లో ఉన్నవాడు, అంతే.

ఈ పందుల ఫారం నుంచి కబేళాకు వెళ్లిన పందుల గొంతు గ్రంథుల్లో గట్టి గడ్డలు బయటపడ్డాయి. కోస్తే లోపల సున్నం గడ్డలాగా పొడి రాలింది. టీబీ అని అక్కడి తనిఖీ అధికారి కొనుగోలు ఆపించి, నాకు కబురు పెట్టాడు. మొన్న పొద్దున నేను వచ్చి ఇక్కడున్న ప్రతి పందికీ రెండు చెవుల మొదట్లో సూదులు వేసి వెళ్లాను. ఒంట్లో టీబీ క్రిమి చేరిన పందికి రెండు రోజుల్లో ఆ సూది వేసిన చోట వాపు వస్తుంది. ఇవాళ ఆ చెవులు చూడాలి.

"ఎవరమ్మా ఆ దొంగ?" అన్నాను.

"మా కాపరే. వాడికి ఇదివరకు టీబీ వచ్చిందట. పనిలో చేరేటప్పుడు మాటమాత్రం చెప్పలేదు. మా తమ్ముడు కూపీ లాగాడు." తమ్ముడి ప్రస్తావన రాగానే ఆవిడ గొంతులో కాస్త గర్వం చేరింది. "వాడూ పశువుల డాక్టరే కదా, నా దగ్గరే ఉంటున్నాడు."

ఆ తమ్ముడు ఆవిడ వెనకే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. మొన్న నేను సూదులు వేస్తుంటే చేతులు కట్టుకుని నవ్వుతూ చూసిన మనిషి.

"మీరు రాకముందే నేను పరీక్ష చేశాను మేడమ్. చెవులు వాచాయి. కాపరికి టీబీ చరిత్ర ఉంది. ఇంకేం కావాలి? సాయంత్రంలోగా గది ఖాళీ చేయమన్నాం. నా నివేదిక కూడా ఇవాళే పంపుతున్నాను. అందులో అతని వివరాలన్నీ ఉంటాయి. ఇక ఏ ఫారంలోనూ అతన్ని పనిలో పెట్టుకోరు."

"పెట్టుకోకూడదని మీ ఉద్దేశం."

"నిప్పు లేనిదే పొగ రాదు కదా మేడమ్."

"పొగ కనబడగానే పక్కింటి పొయ్యి ఆర్పే అలవాటు నాకు లేదు డాక్టరుగారూ. సాయంత్రం దాకా టైముంది కదా. ముందు కాపరి గది చూపించండి."

ఆ గది దాణా గోడౌన్ పక్కన ఉంది. ఒక మంచం, ఒక స్టవ్, గోడకు కొట్టిన మేకులు. కాపరి భార్య గిన్నెలన్నీ ఒక పాత దుప్పట్లో వేసి మూట కడుతోంది. కాపరి మంచం మీద కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు కానీ దగ్గరికి రాలేదు. గోడకు ఆనుకుని, నాకూ తనకూ మధ్య వీలైనంత దూరం ఉండేలా నిలబడ్డాడు. మనుషులు తనకు దూరం జరగకముందే తానే జరగడం అతనికి బాగా అలవాటైనట్టుంది. నాకు అది చూసి ఒళ్లు మండింది. కోపం అతని మీద కాదు.

"దగ్గుందా?" అని అడిగాను.

"లేదమ్మా."

"మందులు ఎన్నాళ్లు వాడావు?"

"ఆరునెలలు. ఒక్క పూట మానలేదు. ఆ తర్వాత కళ్లె పరీక్ష చేసి, ఇంక లేదు, పనికి పోవచ్చు అన్నారు."

"మరి ఇక్కడ చేరేటప్పుడు ఎందుకు చెప్పలేదు?"

దానికి అతని భార్య జవాబిచ్చింది. మూట ముడి బిగిస్తూనే, తల ఎత్తకుండా అంది. "చెప్తే పని ఇచ్చేవాళ్లా మేడమ్? అంతకుముందు రెండు చోట్ల చెప్పాం. నీళ్లు కూడా ఇవ్వకుండా పంపేశారు."

నేను మాట మార్చాను. "నువ్వు ఎక్కువసేపు ఏ పందుల దగ్గర ఉంటావు?"

"తల్లుల దగ్గరమ్మా. ఈనే గదిలోనే పక్క వేసుకుంటాను. తల్లి పక్కకు ఒరిగితే పిల్లలు నలిగిపోతాయి కదా. కాపు కాయాలి."

"అంటే తల్లుల ముక్కూ నీ ముక్కూ ఒకేచోట ఉంటాయన్నమాట."

"అంతేనమ్మా." అతను మళ్లీ తన చేతుల వైపు చూసుకున్నాడు. "నిజంగా నేనే ఇచ్చానా వాటికి?"

నిందను నమ్మినవాళ్లలో అతనూ ఒకడు. అన్నిటికంటే అదే నాకు కష్టంగా తోచింది. చేయని తప్పు ఒప్పుకున్నవాణ్ని విడిపించడం మహా కష్టం.

"ఇంకో గంటలో తెలుస్తుంది," అన్నాను. "అమ్మా, ఆ మూట కట్టడం ఆపు. బాబూ, నువ్వు నాతో రా. పందుల్ని పట్టుకోవాలి."

"వాడు పందుల్ని ముట్టుకోకూడదు," అన్నాడు బయట నిలబడ్డ తమ్ముడు.

"అయితే మీరు పట్టుకోండి."

ఆయన తన ఇస్త్రీ చొక్కా కేసి చూసుకున్నాడు. కాపరి నా వెంట వచ్చాడు.

తల్లి పందుల షెడ్డులోకి వెళ్లేముందు తమ్ముణ్ని ఒక ప్రశ్న అడిగాను. ఆయన వృత్తి గౌరవానికి భంగం కలగకుండా, చాలా మర్యాదగా.

"కబేళాలో గడ్డలు ఎక్కడెక్కడ కనిపించాయి?"

"గొంతు గ్రంథుల్లో. కొన్నిటికి పేగుల దగ్గర గ్రంథుల్లో."

"ఊపిరితిత్తుల్లో?"

"లేవు."

"ఒక్కదానికి కూడా?"

"లేవన్నాను కదా."

"కాపరి దగ్గితే ఆ గాలి పీల్చి పందులకు అంటిందని మీ వాదన. పీల్చిన గాలి వెళ్లేది ఊపిరితిత్తుల్లోకి. అవి శుభ్రంగా ఉన్నాయి. జబ్బు పట్టింది గొంతునూ పేగునూ. ఇది ముక్కు దారిన వచ్చింది కాదు. తిండితో పాటు నోట్లోకి వెళ్లింది."

ఆయన తెలివితక్కువవాడేం కాదు. వెంటనే అందుకున్నాడు. "దాణా తొట్టిలో ఉమ్మి ఉండొచ్చు. అప్పుడు నోటి దారే అవుతుంది."

"అవుతుంది. మంచి మాట అన్నారు. మరి తల్లులు తినేది ఏ తొట్టిలో?"

"అదే దాణా. అవే తొట్లు."

"పదండి, తల్లుల్నే అడుగుదాం."

ఆవిడ ఫారం శుభ్రంగా ఉంటుంది, ఆ మాట చెప్పాలి. సిమెంటు నేల, కడిగిన కాలవలు, దాణా తొట్లకు మూతలు. కాపరి మొదటి తల్లి పందిని గోడవారకు నెట్టి, మెడ కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు. అది గుర్రుమంది గానీ అతని చెయ్యి అని తెలిసి ఊరుకుంది. ఎడమ చెవి మొదలు వేళ్లతో నొక్కి చూశాను. మెత్తగా ఉంది. కుడి చెవీ అంతే. రెండో తల్లీ అంతే. మూడోదీ అంతే. వరసగా అన్నీ చూశాను. షెడ్డు చివరికి వచ్చేసరికి తమ్ముడు పెన్ను మూత తీయడం, పెట్టడం మొదలెట్టాడు.

"తల్లులన్నీ శుభ్రం," అన్నాను. "రాత్రంతా వీటి మధ్య పడుకునేవాడు వీటికి ఇవ్వని జబ్బు, అవతలి షెడ్డులో ఉన్న ఎదిగిన పిల్లలకు ఎలా ఇచ్చాడో కాస్త చెప్పండి."

"లేత వయసులో ఉన్నవాటికి తొందరగా అంటుకుంటుంది."

"ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే రకంలా ఉన్నారు మీరు. రండి, పిల్లల్ని కూడా చూద్దాం."

ఎదిగిన పిల్లల షెడ్డులో అడుగు పెట్టాం. వాపులు ఇరవై అడుగుల దూరం నుంచే కనిపిస్తున్నాయి. కాపరి మొదటిదాన్ని పట్టుకోగానే యజమానురాలు ముందుకు వచ్చింది. "అయ్యో, ఇదేంటి," అంది.

ఎడమ చెవి మొదట్లో శనగగింజంత బొడిపె. కుడి చెవి మొదలు మాత్రం ఎర్రగా కంది, నిమ్మకాయ దాచినట్టు ఉబ్బి ఉంది. రెండోదానికీ అలాగే. ఆ తర్వాతదానికీ. కొన్నిటికి ఏ వాపూ లేదు గానీ, వాపు ఉన్న ప్రతిదానికీ కుడి చెవే పెద్దది. కొలత పరికరంతో కొలుస్తూ పోయాను. నోరు తెరిచి మాట్లాడలేదు. గెలుస్తున్నప్పుడు మాట్లాడకపోవడంలో ఒక సుఖం ఉంది, దాన్ని నేను ఎప్పుడూ వదులుకోను.

"చూశారా, వాచాయి," అన్నాడు తమ్ముడు చివరికి. "నాకు వచ్చిన ఫలితమే."

"మీరు ఏ చెవికి వేశారు?"

"ఎడమ చెవికి. ఒక చెవి చాలు కదా."

"ఏ మందు వేశారు?"

"మనుషులకూ పశువులకూ వచ్చే రకం. ఇంకేం వేస్తారు?"

"నేను ఎడమ చెవికి మీరు వేసిందే వేశాను. కుడి చెవికి పక్షుల టీబీ మందు వేశాను." పరికరం తుడిచి జేబులో పెట్టుకున్నాను. "ఈ రెండు క్రిములూ పెదతండ్రి, పినతండ్రి పిల్లల్లాంటివి. ఒకటి ఒంట్లో ఉంటే రెండోదాని పరీక్షకు కూడా కొంచెం వాపు వస్తుంది. మీరు ఆ కొంచెం వాపును చూసి మనిషిని పట్టుకున్నారు. రెండో చెవిని అడగనే లేదు. అడిగి ఉంటే పిట్ట అని జవాబు వచ్చేది. ఇది మనిషి ఇచ్చిన జబ్బు కాదు. పక్షుల నుంచి వచ్చింది."

కాపరి ఇంకా ఒక పిల్లను పట్టుకునే ఉన్నాడు. వదలడం మర్చిపోయాడు. అది అతని చేతుల్లో గింజుకుని జారిపోయింది.

"అంటే నేను కాదా అమ్మా?"

"నువ్వు కోడివి కావు కదా బాబూ. కాదు."

అతను నవ్వలేదు. ఎప్పుడు వచ్చిందో, గుమ్మంలో నిలబడ్డ అతని భార్య మాత్రం కొంగుతో మూతి మూసుకుని, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా బయటికి వెళ్లిపోయింది.

తమ్ముడు ఓటమి ఒప్పుకునే జాతి కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. "ఈ ఫారంలో పక్షులే లేవు మేడమ్. మూడేళ్ల కిందటే కోళ్లను తీసేశారు. దాణా తొట్లకు మూతలున్నాయి, కిటికీలకు వలలున్నాయి. పిచ్చుక కూడా దూరదు. ఎక్కడి పక్షి? ఏ పక్షి?"

అది సరైన ప్రశ్నే. యజమానురాలి వైపు తిరిగాను.

"అమ్మా, తల్లులు తినకుండా పిల్లలు మాత్రమే తినేది ఈ ఫారంలో ఏముంది?"

"ఏముంటుంది? పాలు. తర్వాత అందరికీ ఒకటే దాణా."

"మందులు, టానిక్కులు?"

"మేం అలాంటివి వాడం. మా పిల్లలకు అవసరం రాదు."

"ఎందుకు రాదు? సిమెంటు నేల మీద పుట్టిన పంది పిల్లలు రెండు వారాలకు పాలిపోతాయి. రక్తం చాలదు. అందరూ ఇనుము సూది వేయిస్తారు. మీ పిల్లలు పాలిపోకుండా ఎలా ఉన్నాయి?"

ఆవిడ పెదవులు బిగించింది. చెప్పకూడదని కాదు, చెప్తే చదువుకున్నవాళ్లు నవ్వుతారని భయం. తమ్ముడి వైపు ఒకసారి చూసింది. నేను ఇంక ఆగలేదు. ఈనే గదిలోకి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, మూలలు వెతికాను. కడిగిన సిమెంటు మీద, గోడవార సందులో, చిటికెడు ఎర్రమట్టి. పక్కన పడుకున్న పిల్లల్లో ఒకదాన్ని ఎత్తుకుని నోరు తెరిచాను. చిగుళ్ల మీద అదే ఎరుపు.

"సిమెంటు గదిలోకి మట్టి దానంతట అది నడిచి రాదు," అన్నాను.

"నేనే పెడతాను," అంది ఆవిడ, గుమ్మంలో నిలబడి. "పుట్టిన వారానికి ప్రతి పిల్లకూ పిడికెడు మట్టి. మా అమ్మ నేర్పింది. నేలను నాకని పందికి రక్తం పట్టదని చెప్పేది. మా తమ్ముడికి తెలిస్తే ఎగతాళి చేస్తాడని వాడు లేనప్పుడు పెడతాను. అది తప్పా?"

"మీ అమ్మగారు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. మట్టిలో ఇనుముంటుంది. ఆ మట్టి ఎక్కడ తవ్వుతారు?"

"కంచె అవతల గుంతలో. ఎప్పుడూ అక్కడే." చెప్పీ చెప్పకముందే ఆవిడ ముఖం మారింది. "ఈ ఏడు తొలకరికే గుంత నిండిపోయింది, ఇప్పటికీ ఆరలేదు. బురద పెడితే పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి. అందుకని పొడి మట్టి కోసం..."

"ఎక్కడ దొరికింది పొడి మట్టి?"

ఆవిడ చెయ్యెత్తి చూపించింది. ఫారం చివర, రేకుల కప్పు కింద, మూసి ఉన్న పాత కోళ్ల షెడ్డు.

తలుపు కాపరి తెరిచాడు. లోపల కోళ్లు లేవు. కోళ్ల వాసన మాత్రం పోలేదు. కోళ్లు ఎక్కి పడుకునే కర్రలు వరసగా అలాగే ఉన్నాయి. కప్పు వల్ల వాన చుక్క కూడా పడలేదు. నేలంతా దుమ్ముతో ఒకే రంగులో ఉంది, ఒక్కచోట తప్ప. సరిగ్గా ఆ కర్రల కిందే తాజాగా తవ్విన పల్లం కనిపిస్తోంది. పక్కనే ఒక రేకు డబ్బా. పల్లం అంచున మట్టిని వేళ్లతో కదిపాను. ఎండి పొడైన రెట్ట, విరిగిన ఈక ముక్కలు పైకి వచ్చాయి.

"ఇక్కడే ఎందుకు తవ్వారు?" అని అడిగాను.

"ఇక్కడి మట్టి మెత్తగా ఉంది. గుల్లగా, బలంగా కనిపించింది."

"కోళ్లను ఎందుకు తీసేశారు?"

"ముసలివైపోయాయి. గుడ్లు పెడుతున్నాయి కదా అని ఏళ్ల తరబడి ఉంచుకున్నాను. చివర్లో సన్నబడిపోయాయి. బాగానే మేసేవి, రొమ్ము ఎముక మాత్రం కత్తిలా తేలేది. కొన్ని కుంటేవి. ఒక్కొక్కటీ పోయాయి." ఆవిడ నా ముఖం చూసి ఆగింది. "అది ముసలితనం కాదా?"

"కాదమ్మా. పక్షుల టీబీ. అది ముసలి కోళ్లలోనే పండుతుంది. రెట్టలో పడుతుంది. ఎండ తగలని మట్టిలో ఏళ్లకు ఏళ్లు బతుకుతుంది. ఆ వానలు మొదలైన తర్వాత పుట్టిన పిల్లలకే వాపులున్నాయి. అంతకుముందు పుట్టినవాటికి లేవు, తల్లులకు లేవు. ఆ మట్టి ఎవరు తిన్నారో వాళ్లకే వచ్చింది."

ఆవిడ ఆ కర్రల పక్కన నేల మీదే కూర్చుండిపోయింది. "నా చేత్తో నేనే పెట్టాను. నేను పెట్టి, వాణ్ని వెళ్లగొడుతున్నాను."

"మట్టి మంచిదే, చోటు చెడ్డది. ఇవాళ్టి నుంచి ఆపేయండి. ఇనుము సూది వేయించండి. ఈ షెడ్డు మట్టి ఎవరూ కదపకుండా తలుపు వేసి ఉంచండి, ఏం చేయాలో నేను చెప్తాను. ఇంకో మంచి మాట కూడా వినండి. పందికి ఈ జబ్బు వస్తుంది గానీ, ఒక పంది మరో పందికి ఇవ్వడం చాలా అరుదు. జబ్బు దాని దగ్గరే ఆగిపోతుంది. మందనంతా చంపాల్సిన పని లేదు. మట్టి తిన్నవాటిని వేరు చేస్తే చాలు."

ఆవిడ లేచింది. చీర దులుపుకోకుండానే కాపరి ముందుకు వెళ్లి నిలబడింది. నీ భార్య ఎక్కడని అడిగింది. అతను గది వైపు చూపించాడు. "ఆ మూట విప్పమని చెప్పు," అంది.

నాకు ఎంత సంతోషం కలిగిందో దాచుకోను. ఎదుటివాడి తప్పు పట్టుకోవడంలో ఉన్న సంతోషం కాదు, అది కూడా కొంచెం ఉంది గానీ, ఒక మనిషిని నిలబెట్టిన సంతోషం. ఇంటికి వెళ్లి మా ఆయన చేత కాఫీ పెట్టించుకుని ఈ కథ రెండుసార్లు చెప్పాలని కూడా అనుకున్నాను.

"ఇంకొకటి మిగిలింది," అన్నాను పెట్టె సర్దుతూ.

ఇంటి వెనక పెరట్లో విడిగా ఒక పెద్ద ఆడపంది ఉంది. ఆవిడ కొన్న మొట్టమొదటి పంది అట, అమ్మడం లేదు, కొయ్యడం లేదు. దొరసాని అని పిలుస్తారు. మొన్న దానికి కూడా సూదులు వేస్తుంటే, ఇంటి పందికి పరీక్ష దండగ అన్నాడు తమ్ముడు. అందర్నీ అడిగి ఒక్కర్ని వదిలేస్తే దర్యాప్తు ఎలా అవుతుందని వేసేశాను.

కుడి చెవి చూశాను. కొద్దిగా గట్టిపడింది, అంతే. ఎడమ చెవి మీద చెయ్యి వేసి, తీసి, మళ్లీ వేశాను. వేడిగా, ఉబ్బి, నా రెండు వేళ్ల మధ్య పట్టనంత వాపు.

తమ్ముడు నా భుజం మీద నుంచి తొంగి చూశాడు. పారేసుకున్న వస్తువు దొరికినట్టు ముఖం వెలిగిపోయింది. "ఎడమ చెవి. మనుషుల రకం. నేను మొదట్నుంచీ చెప్పింది ఇదే కదా మేడమ్. మట్టి కథ మట్టి కథే, దీని సంగతి ఏమంటారు? ఈ ఫారంలో టీబీ వచ్చిన మనిషి ఒక్కడే ఉన్నాడు."

కంచె తలుపు అవతల నిలబడ్డ కాపరి ఒక అడుగు వెనక్కి వేశాడు. అతను చెప్పిందంతా నమ్మాను, నమ్మడం నా ఉద్యోగం కాదని మర్చిపోయాను. ఆ తర్వాత నా ఉద్యోగం నాకు గుర్తొచ్చింది. అడగడం.

"అమ్మా, కాపరి ఈ పెరట్లోకి వస్తాడా?"

"రాడు," అంది ఆవిడ వెంటనే. "ఈ కంచె తలుపు దాటి ఎప్పుడూ రాలేదు. దొరసాని పని అంతా నాదే."

"దీనికి పచ్చిపాలు పోస్తారా?"

"మాకు ఆవులే లేవు. పాలు ప్యాకెట్లో వస్తాయి, కాచుకుని తాగుతాం."

"కబేళా నుంచి, హోటళ్ల నుంచి ఏమైనా తెచ్చి పెడతారా?"

"బయటి ముద్ద ఒక్కటి కూడా పెట్టను. ఇంట్లో మిగిలిందే."

"ఎవరి కంచంలో మిగిలింది?"

"నేను కంచంలో మిగల్చను మేడమ్, ఎప్పుడూ..." గబగబా మొదలెట్టిన ఆవిడ మాట మధ్యలో నెమ్మదించింది. "తమ్ముడే. ఇక్కడికి వచ్చిన కొత్తలో బాగానే తినేవాడు. ఈ మధ్య సగం కూడా తినడం లేదు. పారేయడం ఇష్టం లేక, ఆ ఎంగిలి కంచం రోజూ తెచ్చి దీని ముందు..."

ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది.

తమ్ముడి చేతిలో పెన్ను ఉంది. దాన్ని జేబులో పెట్టుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. మూడోసారి వదిలేశాడు. పశువుల డాక్టరు ఆయన. నేను చెప్పాల్సింది ఏమీ లేదు, అన్నీ ఆయనే కలుపుకుంటున్నాడు. ఇస్త్రీ చొక్కా కాలరు మెడ చుట్టూ ఎంత వదులుగా ఉందో నేను అప్పుడే గమనించాను.

"సాయంత్రాలు ఒళ్లు కాస్త వెచ్చబడుతోంది," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. "అలసట అనుకున్నాను."

"దగ్గు?"

"సిగరెట్ల వల్ల అనుకున్నాను."

ఆయన కోసం నేను పొద్దుట్నుంచీ ఒక మాట సిద్ధం చేసుకున్నాను, వెళ్లేటప్పుడు అందామని. చాలా బాగా కుదిరిన మాట. దాన్ని మింగేశాను.

"పంది చెవి తీర్పు చెప్పదు డాక్టరుగారూ. అనుమానం చెప్తుంది. తేల్చాల్సింది కళ్లె పరీక్ష, ఎక్స్‌రే. అదీ ఇవాళే. మీ అక్కగారికి కూడా చేయించాలి."

ఆవిడ తమ్ముడి వైపు అడుగు వేసింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి వెనక్కి జరిగాడు. "దగ్గరికి రాకు అక్కా." పొద్దున ఆ గదిలో కాపరి నాకు ఎంత దూరంలో నిలబడ్డాడో, ఇప్పుడు ఈయన అంత దూరంలో, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కళ్లు ఎత్తి ఎవర్నీ చూడలేకపోయాడు. అన్నిటికంటే ముఖ్యంగా కంచె వైపు చూడలేకపోయాడు.

కంచె తలుపు చప్పుడైంది. కాపరి లోపలికి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. నేరుగా డాక్టరు దగ్గరికి నడిచి, ఆయన దూరం జరగడానికి వీల్లేకుండా ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ ఆస్పత్రిలో వరస పెద్దది బాబూ. నేను ముందు పోయి నిలబడతాను, మీరు మెల్లిగా రండి," అన్నాడు. "మొదటి రెండు నెలలూ మందు వికారం పుట్టిస్తుంది. తర్వాత అలవాటైపోతుంది. ఒక్క పూట కూడా మానకండి, అంతే. నాకు తగ్గలేదా?"